కల్లంలో పారాసోమ్నియా

డ్రీమ్ థియేటర్ కొత్త ఆల్బమ్ ‘పారాసోమ్నియా’ 2025 ఫిబ్రవరి 7న వచ్చింది. శుక్రవారం. ఆ రాత్రే నేను హైదరాబాదులో మా ఊరి బస్సెక్కాను. రెండింటికీ సంబంధమేమీ లేదు. మిరపకాయ కల్లంలో ఉంది, బాబాయికి జ్వరం, కాపలాకి ఇంకో మనిషి కావాలని నాన్న ఫోన్ చేశాడు. దారిలో వినొచ్చని పాటలన్నీ ఫోన్‌లో దింపుకున్నాను కానీ బస్సులో మొదలుపెట్టబుద్ధి కాలేదు. పధ్నాలుగేళ్లుగా ఎదురుచూసిన రికార్డు. పక్క సీటాయన గురక మధ్యలో వినడం ఏమిటనిపించింది.

పధ్నాలుగేళ్ల లెక్క తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. 1985లో అమెరికాలో, బర్క్‌లీ సంగీత కళాశాలలో చదువుతున్న ముగ్గురు కుర్రాళ్లు ఈ బ్యాండు పెట్టారు. గిటార్ జాన్ పెట్రూచీ, బేస్ జాన్ మ్యుంగ్, డ్రమ్స్ మైక్ పోర్ట్‌నాయ్. 2010 సెప్టెంబరులో పోర్ట్‌నాయ్ బయటికి వెళ్లిపోయాడు. మైక్ మాంజినీ వచ్చి ఐదు ఆల్బములు వాయించాడు. 2023 అక్టోబరులో పోర్ట్‌నాయ్ తిరిగొచ్చాడు. వచ్చాక చేసిన మొదటి రికార్డు ఇది. కొత్త అల్లుడు ఎంత మంచివాడైనా పెద్దకొడుకు ఇంటికొచ్చాడంటే వీధంతా గుమ్మంలోకి వచ్చి చూస్తుంది కదా, ఆ మాదిరి. మాంజినీని అభిమానులు ఆ రోజే మరిచిపోయారు. ఆయన వాయించిన పాటతోనే ఈ బ్యాండుకి 2022లో మొదటి గ్రామీ వచ్చింది. నేనూ మరిచిపోయినవాళ్లలో ఒకణ్ణే కాబట్టి ఎవర్నీ ఏమీ అనను.

మా ఊరు పర్చూరు దగ్గర. మొన్నటిదాకా ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. నల్లరేగడి. పత్తి, మిరప, శనగ. ఫిబ్రవరిలో ఊరి చుట్టూ ఎటు చూసినా ఎరుపే. కోసిన కాయని కల్లంలో పల్చగా ఆరబోస్తారు, సాయంత్రం పోగుచేసి పట్టా కప్పుతారు, పొద్దున మళ్లీ తీస్తారు. తాలు కాయ వేరు, మంచి కాయ వేరు. ఆరేదాకా రాత్రిళ్లు ఎవరో ఒకరు అక్కడే పడుకోవాలి. పడుకోవడం అని పేరే గానీ అక్కడ నిద్ర ఉండదు. పురుగూ పుట్రా, కుక్కలు, ఎవరన్నా ట్రాక్టరేసుకొచ్చి నాలుగు బస్తాలు ఎత్తుకుపోతారన్న భయం. ఆ సంవత్సరం వీటన్నిటికంటే పెద్ద భయం ధర. రెండేళ్ల కిందట క్వింటా 20 వేలు దాటిన కాయ 11 వేల చుట్టూ తిరుగుతోంది. మూడెకరాల కౌలు, మందులు, కోత కూలి వేసుకుంటే నాన్నకి ఆ లెక్క ఎటు తిప్పినా కలవడం లేదు. కలవని లెక్కని ఆయన రాత్రిపూట వేస్తాడు, మంచం మీద వెల్లకిలా పడుకుని, పెదాలు కదుపుతూ.

ఇంతకీ పారాసోమ్నియా అంటే నిద్రలో జరిగే అవకతవకలు. లేచి నడవడం, అరవడం, పక్కవాణ్ణి కొట్టడం, మెలకువొచ్చినా ఒళ్లు కదలకపోవడం. డ్రీమ్ థియేటర్ అని పేరు పెట్టుకుని ముప్పై ఏళ్లు దాటింది, నిద్ర మీద ఒక ఆల్బమ్ ఇప్పటికి చేశారు. ఎనిమిది పాటలు, సుమారు 71 నిమిషాలు. నిద్ర పట్టని కల్లంలో, నిద్ర చెడిన మనుషుల పాటలు. ఇంతకంటే కుదిరే చోటు నాకు దొరకదనుకున్నాను.

శనివారం, భీష్మ ఏకాదశి. వెన్నెల బాగా ఉంది. గుడి మైకు పదింటికి ఆగింది. చెవుల్లో పెట్టుకుని మొదలుపెట్టాను.

మొదటిది ‘ఇన్ ది ఆర్మ్స్ ఆఫ్ మార్ఫియస్’. మాటలు లేవు. ఎవరో పడక సర్దుకుంటున్న చప్పుళ్లు, ఆ తర్వాత గిటార్ బరువుగా దిగుతుంది. ఇందులో వినిపించిన స్వరాల మెలికలు తర్వాతి పాటల్లో అక్కడక్కడా మళ్లీ తలెత్తుతాయి. రెండోది ‘నైట్ టెర్రర్’, ముందే అక్టోబరులో విడుదలైన పాట. దాని మొదటి డ్రమ్ దెబ్బకే నాకు ఒళ్లు ఝల్లుమంది, అబద్ధం చెప్పను. పోర్ట్‌నాయ్ దెబ్బలో ఒక తొందర ఉంటుంది. మాంజినీది తక్కెడ పట్టి తూచిన దెబ్బ, గ్రాము తేడా రాదు. పోర్ట్‌నాయ్ కొసరు వేస్తాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఆ కొసరుకి తగ్గట్టు ఒక అర అంగుళం ముందుకు వంగి వాయిస్తారు. పధ్నాలుగేళ్లు నేను వెతుక్కున్నది ఆ వంగడమేనని అప్పుడు అర్థమైంది.

కానీ పాటగా చూస్తే ‘నైట్ టెర్రర్’ భయపెట్టదు. భయం అని పదిసార్లు చెబుతుంది. పీడకల గురించి కచేరీ చేస్తున్నారు తప్ప పీడకలలోకి లాగడం లేదు. ‘ఎ బ్రోకెన్ మ్యాన్’ కొంత నయం. యుద్ధం నుంచి ఇంటికొచ్చినా నిద్రలో యుద్ధం ఆగని సైనికుడి పాట. ఏడు దెబ్బల నడక ఎక్కడ తగిలినా నేను తకిట తకధిమి అని వేళ్ల మీద వేసుకుంటాను. హాస్టల్లో అలవాటైంది. అప్పట్లో సీనియర్ ఒకాయన కాపీ కొట్టిచ్చిన సీడీలో 1999 నాటి ‘ది డ్యాన్స్ ఆఫ్ ఎటర్నిటీ’ ఉండేది. ఆరు నిమిషాల పాటలో తాళం వందసార్లకు పైగా మారుతుంది. దాన్ని లెక్కపెట్టబోయి ఒక సెమిస్టరు మ్యాథ్స్ పోగొట్టుకున్నాను.

నాలుగోది ‘డెడ్ అస్లీప్’ దగ్గర మాత్రం లేచి కూర్చున్నాను. ఇంట్లోకి చొరబడ్డవాడితో పెనుగులాడుతున్నానని కలగంటూ నిద్రలోనే పక్కనున్న భార్యని చంపేసిన మనిషి కథ. వినేవాళ్లకిది ఎక్కడో జరిగిన వింత. కల్లంలో పడుకునేవాడికి కాదు. మా ఊళ్లో ఒక నియమం ఉంది. కల్లంలో నిద్రపోతున్న మనిషిని తట్టి లేపకూడదు, దూరం నుంచి పేరు పెట్టి పిలవాలి. నా ఎనిమిదో తరగతిలో బాబాయికి అన్నం పట్టుకెళ్లి భుజం కదిపాను. కళ్లు తెరిచే ఉన్నాయి, నన్ను మాత్రం చూడటం లేదు. పక్కనున్న కర్ర గాల్లోకి లేచింది. నేను పక్కకి దూకాను, కర్ర మంచం కోడుకి తగిలి రెండైంది. తర్వాత ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేకపోయాడు. ఇప్పటికీ నన్ను చూస్తే ముందు చూపు తిప్పుకుంటాడు. జేమ్స్ లబ్రీ అరుస్తుంటే నేను ఆ పాటలో చూసింది ఆ చూపుని. పాటలో నేరం ఉంది, నెత్తురుంది. మర్నాడు మొహం చూపించలేని మనిషి లేడు. పదకొండు నిమిషాల పాటలో దానికి చోటు దొరకలేదు. గిటారుకీ కీబోర్డుకీ పోటీ పెట్టడానికి మాత్రం దొరికింది.

ఈ పోటీ సంగతి చెప్పుకోవాలి. డ్రీమ్ థియేటర్ మీద మొదట్నుంచీ ఉన్న ఫిర్యాదు ఇదే: వీళ్లకి పాట కంటే వాయించడం ముఖ్యం. నేను ఈ మాట ఇంగ్లీషు పత్రికల్లో చదవకముందే ఇంట్లో విన్నాను. మా తాత పద్యనాటకాల పిచ్చివాడు. రాయబారం ఎక్కడ వేసినా సైకిలేసుకుని పోయేవాడు. నానమ్మ ఫిర్యాదు ఏమిటంటే, పద్యం నాలుగు పాదాలేనట, రాగం తెల్లారిందాకానట. కృష్ణుడు వేషగాడు చివరి పాదం దగ్గర ఆగి, హార్మణీ ఆయన వంక ఒక చూపు చూసి రాగం అందుకుంటే కథ అక్కడే నిలబడిపోతుంది. దుర్యోధనుడు కిరీటం సర్దుకుంటూ కూర్చుంటాడు. కింద జనం వన్స్ మోర్. గుంటూరు దగ్గర సుద్దపల్లిలో పుట్టిన ఈలపాట రఘురామయ్య వేలు నోట్లో పెట్టుకుని ఈలతోనే పద్యం రాగం తీసేవారు. దానికీ వన్స్ మోరే. కథ ముందుకు పోవాలనుకునేవాడు అక్కడ కూర్చోలేడు. ఆగినచోట ఏం జరుగుతుందో చూడటానికే వచ్చినవాడు లేవలేడు. నాది తాత పోలికని అమ్మ ఊరికే అనదు.

ఐదోది ‘మిడ్‌నైట్ మెస్సయా’. మాటలు పోర్ట్‌నాయ్ రాశాడు, అందులో తమ పాత పాటల ముక్కలు అక్కడక్కడా దాచాడు. గుర్తుపట్టినప్పుడల్లా నాకు నవ్వొచ్చింది, రెండోసారి కొంచెం సిగ్గేసింది. ఎవరూ అడక్కముందే తన పద్యానికి తనే వన్స్ మోర్ కొట్టుకున్నట్టుంది. తిరిగొచ్చిన మనిషి పాత ఫోటోలు తీసి చూపించడం సహజమే, అయినా ఎన్నని చూస్తాం.

ఆ తర్వాత గుసగుసలతో నిమిషన్నర ముక్క, అది దాటాక ‘బెండ్ ది క్లాక్’. ఆల్బమ్‌లో నెమ్మదైన పాట ఇదొక్కటే. నిద్ర రానివాడు గడియారాన్ని వెనక్కి వంచాలని చూస్తాడు. లబ్రీకి ఆరు పదులు దాటాయి, పై స్వరాలకి పాకడం మాని కింది గొంతులో పాడితే ఎంత బాగుంటాడో ఇక్కడ తెలుస్తుంది. పాట అయిపోయాక పెట్రూచీ గిటార్ మొదలవుతుంది. ఇంక మాటల్లేవు, చివరిదాకా అదే.

అప్పుడే చూశాను, నాన్న తల ఇటు తిప్పి ఉన్నాడు.

“నిద్రబట్టలేదా నాన్నా?”

“నువ్వు పడుకున్నావా ఏంది. ఏం వింటున్నావురా అంతసేపటి నుంచి?”

ఒక చెవిది తీసి ఇచ్చాను. ఇరవై ఏళ్లలో ఎప్పుడూ ఇవ్వలేదు. ‘ఆ గోల’ అంటాడని తెలుసు. ఆయన చెవిలో పెట్టుకుని కళ్లు మూశాడు. పాటని గిటార్ మొదటికి జరిపి పెట్టాను. మూడు నిమిషాలు కదల్లేదు. అయిపోయింది.

“పద్యం అయిపోయినాక రాగం ఎత్తుకున్నాడే,” అన్నాడు.

“అవును.”

“దిగబుద్ధి కాలేదు ఆయనకి.” కాసేపాగి, “రేపు సోమవారం కాయ పంపిద్దామా, ఏసీలో పెడదామా?” అన్నాడు.

గిటార్ గురించి నేను గంటసేపు మాట్లాడగలను. దీనికి మాత్రం నా దగ్గర మాట లేదు. కోల్డ్ స్టోరేజిలో పెడితే అద్దె, వడ్డీ. ధర లేస్తే సరే, లేవకపోతే? నెట్‌లో ఏమన్నా రాశారేమో చూడమన్నాడు. చూశాను. ఎవరికి తోచింది వాళ్లు రాశారు. “సగం సగం చేద్దాం నాన్నా,” అన్నాను, ఏదో ఒకటి అనాలి గనక. ఆయన సరేనన్నాడు, నా మాట మీద నమ్మకంతో కాదని ఇద్దరికీ తెలుసు.

చివరి పాట ‘ది షాడో మ్యాన్ ఇన్సిడెంట్’, పంతొమ్మిదిన్నర నిమిషాలు. మెలకువలో ఒళ్లు బిగుసుకుపోయి, గదిలో నల్లటి మనిషి నిలబడి కనిపించడం గురించి. గుండెల మీద దయ్యం కూర్చుందంటారు మా వైపు. నానమ్మ దిండు కింద కొడవలి పెట్టేది. ఈ పాట నాలుగైదు మలుపులు తిరుగుతుంది, మధ్యలో జోర్డన్ రూడెస్ కీబోర్డు మీద చేసే అల్లరి బాగుంది. పదిహేనో నిమిషం దగ్గర కుక్కలు మొరిగాయి. నాన్న లేచి టార్చి వేశాడు, నేనూ లేచాను. ఎవరూ లేరు. నక్కేమో. తిరిగొచ్చి మళ్లీ పెట్టుకోబుద్ధి కాలేదు. పాటలోని నీడ మనిషి కంటే, ఆ టార్చి వెలుతురు చివర ఎవరైనా కనపడతారేమోనన్న ఆ నాలుగు క్షణాలే నిజంగా భయపెట్టాయి.

సోమవారం సగం కాయ గుంటూరు యార్డుకి వేశాం. శని, ఆదివారాలు సెలవు కావడంతో ఆ రోజు బళ్లు బారులు తీరి ఉన్నాయి. టిక్కీల మధ్య నడుస్తుంటే ఘాటుకి కళ్లు నీళ్లు, తుమ్ములు. పదకొండు వేలకి కాస్త కిందే పలికింది. నెలాఖరుకి కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకి 11,781 రూపాయలు అని ప్రకటించింది. మా సగం అప్పటికే అమ్ముడుపోయింది.

మిగిలిన నాలుగున్నర నిమిషాలూ ఖాళీ బండిలో తిరిగొస్తూ విన్నాను. చిలకలూరిపేట దాటాక. పాట మొదటి మెలికలన్నీ మళ్లీ వచ్చి కలిశాయి, పోర్ట్‌నాయ్ కొసర్లు వేస్తూనే ఉన్నాడు, బాగుంది. నాన్న డ్రైవరు పక్కన కూర్చుని తల వాల్చేశాడు. ఊరి మలుపు దగ్గర దిగాల్సి వచ్చినప్పుడు తట్టలేదు, కాస్త దూరంగా జరిగి, “నాన్నా,” అని పిలిచాను.