కొల్లేటి యొడ్డున నొక నిమిషము

దినమున కొక నిమిషము ఫోనుతో వీడియో తీయు నియమమును మేము ఏలూరిలో నారంభించి యేడాది యైనది. బియ్యమేరుచున్న మా అత్తగారిని తీయగా, "ఇదియు నొక వింతయా?" యని నవ్విరి. శీతకాలమున ఆమెతో ఆటపాక కేగి గూడబాతులను తీసితిమి. తమ్మిలేరు, బుడమేరుల నీటిని గైకొని ఉప్పుటేటి ద్వారా కడలికి బంపు కొల్లేరు 1999లో అభయారణ్యమైనది. 2006లో చేపలచెరువుల గట్లు కొట్టివేయబడినవి. చెరువులు రాకముందటి సరస్సును అత్తగారు మాటలతోనే చూపిరి. దానిని చిత్రించినవారు మా యింట లేరు. నేడు అత్తగారును లేరు. గూడబాతులు మరల వచ్చును. చేటముందటి యా నవ్వు మాత్రము మా నిమిషములోనే కలదు. కావున వింతలకై వేచియుండక, నేటి వంటింటిని నేడే తీయుడు.