వేడికి విరిగే విషం

చెరువులు అడుగంటే వేసవిలో బురదలో చేతులు పెట్టి చేపలు పట్టేవాళ్లకు ఇంగిలాయి ముల్లు గుచ్చుకోవడం చిత్తూరు పల్లెలకు కొత్త కాదు. పులికాట్ సరస్సు ఒడ్డునున్న తడ, సూళ్లూరుపేట వైపైతే ఉప్పునీళ్లలో నడిచేవాళ్ల కాలికి టేకు చేప తోకముల్లు తగులుతుంది. గాయం చిన్నదే అయినా నొప్పి దానికి పొంతన లేనంతగా పైకి పాకుతుంది. అప్పుడు తాడు బిగించి కట్టడం, సున్నం రాయడం, ఆస్పత్రికొచ్చి పాము ఇంజెక్షన్ అడగడం జరుగుతుంటాయి. పాము మందు తయారైంది పాము విషాలకే. చేప విషానికి అది పనిచేయదు, ఊరికే ఒంటికి పడకపోయే ప్రమాదం తెస్తుంది. ఈ విషం దేనితో తయారైందో తెలిస్తే, మొదటి వైద్యం పొయ్యి మీదే ఉందని అర్థమవుతుంది.

ఈ విషాల్లో ముఖ్యమైనవి ప్రొటీన్లు. విషపు ముళ్లుండే సముద్రపు చేప స్టోన్‌ఫిష్ విషంలోని స్టోనస్‌టాక్సిన్‌లో రెండు ప్రొటీన్ గొలుసులు జతకూడి కణాల పొరకు చిల్లులు పెడతాయి. టేకు విషంలో ఎంజైములతో పాటు నొప్పి రేపే సెరొటోనిన్ ఉంటుంది. ఇలాంటి ప్రొటీన్లలో చాలావాటి మడతలు వేడికి విడిపోతాయి. ఉడికిన తెల్లసొన మళ్లీ నీరు కానట్టే, విడిపోయిన విషం మళ్లీ కాటెయ్యదు. అందుకే గాయమైన చేతినో కాలినో 45 డిగ్రీలు దాటని వేడినీళ్లలో 30 నుంచి 90 నిమిషాలు ఉంచమంటాం.

పాము విషమూ ప్రొటీనే కదా, దానికి వేడినీళ్లెందుకు పనికిరావని అడగవచ్చు. నాగుపాము నాడీ విషాలు గంధకపు బంధాలతో గట్టిగా కుట్టిన చిన్న ప్రొటీన్లు. చెయ్యి ఓర్చుకోగల వేడికి అవి చలించవు, పైగా ఒళ్లంతా పాకిపోతాయి. అక్కడ పరుగు ఆస్పత్రికే. లోతుగా దిగిన ముల్లు దాకా ఆ వేడి చేరుతుందా అన్న ప్రశ్న ఇంకా బలమైంది. ఉపశమనంలో కొంత వేడి నరాల మీద చేసే పని వల్లే కావచ్చునని నేనూ ఒప్పుకుంటాను. కారణం ఏ పాళ్లలో ఉన్నా నొప్పి తగ్గడం మాత్రం నిజం. స్టోన్‌ఫిష్‌కు విరుగుడు మందు ఉన్న ఆస్ట్రేలియాలో సైతం ముందు వేడినీళ్లే వాడతారు. అయితే వేడికి లొంగని చేప విషమూ ఉంది: ఉబ్బే పఫర్ చేపలోని టెట్రోడోటాక్సిన్ ప్రొటీన్ కాదు, చిన్న అణువు. కూర ఎంత ఉడికినా అది పోదు.

వేడినీళ్లు విరిగిన ముల్లు ముక్కను తియ్యవు, ధనుర్వాతాన్ని ఆపవు; వాటికి ఆస్పత్రికి రావాల్సిందే. ఛాతీలోనో పొట్టలోనో దిగితే నీళ్లు కాచే ఆలస్యమూ వద్దు. నొప్పితో తిమ్మిరెక్కిన చేతికి కాలడం తెలియదు, షుగరున్నవాళ్ల పాదానికి అసలే తెలియదు. కాబట్టి ముందు గాయం లేని చేతిని, వీలైతే పక్కనున్న ఇంకొకరి చేతిని, ఆ నీళ్లలో ముంచి చూడాలి.