ఆనెకాయకు వేరు ఉందా?

ఖటోదరాలో సాంచాల మీద పనిచేసే మన తెలంగాణ వాళ్ళ కాళ్ళు చూస్తే చేసే పనేమిటో తెలిసిపోతుంది. 12 గంటల షిఫ్టు, గచ్చు మీద నిలబడటం, అరిగిన చెప్పులు. అరికాలు కాయ కాస్తుంది, మడమలు పగులుతాయి.

ఇక వైద్యాలు. ఊరి నుంచి తెచ్చుకున్నది జీడి పెట్టడం. జీడిగింజ రసం చర్మాన్ని కాల్చి బొబ్బలెక్కిస్తుంది. రెండోది బ్లేడు. మూడోది రోడ్డు పక్క వైద్యుడు. అతను ఆనెకాయ కోసి, "వేరు" తీసి చేతిలో పెడతాడు. మా పక్కింటి మామ దాన్ని పొట్లం కట్టి దాచుకున్నాడు. మూడు నెలలకు అదే చోట మళ్ళీ ఆనె!

"వేరు తీసిండు గదా మామా, మళ్ళెట్ల వచ్చింది?"

"ఇంకో వేరు మిగిలిందట."

ఎప్పటికీ తప్పని తేలని జవాబు. జ్యోతిష్కులు చెప్పేదీ ఇలాంటిదే.

ఆనెకు వేరు లేదు. ఒత్తిడి, రాపిడి పడేచోట చర్మం తనను కాపాడుకోవడానికి మందమవుతుంది. మధ్యలో ఉండే గట్టి ములుకు కూడా చచ్చిన చర్మమే. ఒత్తిడి తగ్గకపోతే ఎన్నిసార్లు కోసినా మళ్ళీ వస్తుంది.

కాబట్టి ముందు మార్చాల్సింది చెప్పులు. ఒరవనివి, అడుగు మెత్తనివి కావాలి. తర్వాత గోరువెచ్చని నీళ్ళలో 10 నిమిషాలు కాళ్ళు నానబెట్టి, ప్యూమిస్ రాయితో మెల్లగా రుద్దాలి. ఒక్కరోజులో అంతా తీసేయకూడదు. తడి తుడిచి వాజలీను గానీ యూరియా కలిసిన క్రీము గానీ రాయాలి, వేళ్ళ సందుల్లో మాత్రం వద్దు. నమ్మకం లేదా? కొన్ని వారాలు ఒక కాలికే రాసి, రెండో కాలితో పోల్చి చూడండి.

షుగరు ఉన్నవాళ్ళకు మాత్రం ఈ సొంత వైద్యం వద్దు. మెడికల్ షాపులో దొరికే, సాలిసిలిక్ ఆమ్లం ఉండే కార్న్ క్యాప్ కూడా వద్దు. మామకు షుగరు ఉంది. "కోస్తుంటే నొప్పే తెల్వలె, ఆయన చెయ్యి అసొంటిది" అని ఇప్పటికీ మెచ్చుకుంటాడు. నేను పట్టుబట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. కళ్ళు మూయించి, సన్నటి నైలాన్ పోగుతో అరికాలు తాకి చూశారు. రోజంతా పోగులతో బతికే మనిషికి ఆ పోగు తాకినట్టే తెలియలేదు. నొప్పి తెలియకపోవడం వైద్యుడి చేతి మహిమ కాదు, నరాలు దెబ్బతిన్నందువల్ల. అలాంటి కాలికి తగిలిన చిన్న గాయం పుండై, కాలు తీసేసేదాకా పోవచ్చు.

మీ ఇంట్లో షుగరు ఉన్నవాళ్ళుంటే రోజూ ఒకసారి వాళ్ళ అరికాళ్ళు చూడండి.