మూడు లిపుల్లో ఒకే బేతాళుడు

మా చిన్నప్పుడు హోసూరు బస్టాండు పక్క అంగడిలో తాడుకు మూడు పుస్తకాలు వేలాడేవి. తెలుగు చందమామ, కన్నడ చందమామ, తమిళ అంబులిమామ. లిపి వేరైనా లోపల కథలు అవే, బొమ్మలూ అవే. 1947లో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మద్రాసులో మొదలుపెట్టిన పత్రిక ఇది. విక్రముడి భుజాన శవాన్ని గీసిన శంకర్ గారు తమిళులే.

కానుగ గింజలు ఏరి అమ్మిన చిల్లర నలుగురం పోగేస్తే ఒక పుస్తకం వచ్చేది. ఏది కొనాలని దారి పొడుగునా కొట్లాటే. తమిళ బడికి పోయేవాడికి అంబులిమామ కావాల. ఇంట్లో అవ్వ మాత్రం "తెలుగుదే తేండిరా, నాకు చదివి చెప్పాల" అనేది. ఒక నెల అది, ఒక నెల ఇది. ఎవరింట్లోనన్నా రెండూ దొరికితే పక్కపక్కన పెట్టుకొని, తెలిసిన తమిళంతో తెలియని తెలుగు అక్షరాలు కూడబలుక్కునేవాళ్లం. మాలో కొందరికి తెలుగు చదువు అట్లే వచ్చింది.

2006 చట్టంతో బడుల్లో తమిళం ఒక్కో తరగతికీ తప్పనిసరి అవుతూ వచ్చింది. తమిళం రావాల్సిందే, మనం బతికే నేల భాష అది. అయితే ఇంట్లో తెలుగు మాట్లాడే మన పిల్లల్లో చాలామంది అవ్వకు ఒక కథ చదివి చెప్పలేకున్నారు. చందమామ అచ్చు కూడా ఆగిపోయింది.

హోసూరులోగాని, క్రిష్ణగిరిలోగాని మీ అటక మీద పాత చందమామలుంటే సంఘానికి తెచ్చి ఇవ్వండి. అంబులిమామ ఉంటే అదీ తెండి. రెండూ కలిపి పిల్లల చేతిలో పెడదాం.