బిగిసిన భుజము

నేతవానికి భుజమే పెట్టుబడి. మా పూర్వులు తెలంగాణము నుండి షోలాపురమునకు వచ్చినపుడు మూటలో తెచ్చుకొనిన దానికంటె భుజములలో తెచ్చుకొనినదే యెక్కువ. ఆ బలముతోనే మొదట చేమగ్గములు, పిమ్మట సాంచెలు నడచినవి. షోలాపురపు దుప్పటికి పేరు వచ్చినది. నేడును మన పేటలలో ఒక యింట సాంచె చప్పుడు, పక్కయింట తునికాకు కత్తిరించు కత్తెర సవ్వడి వినవచ్చును. అట్టి చేతిపనివారి నడుమ చేయి తలపైకి ఎత్తలేనివారు, కొప్పు ముడుచుకొనలేని స్త్రీలు కనబడుట విచారకరము.

వైద్యులు దీనిని ఫ్రోజెన్ షోల్డర్ అందురు. 1934లో అమెరికా వైద్యుడు కాడ్మన్ ఈ పేరు పెట్టెను. భుజపు కీలును చుట్టియున్న పలుచని సంచి వాచి, దళసరియై, ముడుచుకొనిపోవును. మొదట నిద్రపట్టనీయని నొప్పి, తరువాత బిగువు, ఆ పిమ్మట మెల్లమెల్లగా సడలుట. ఇందుకు ఏడాది మొదలు మూడేండ్లు పట్టును. సామాన్యులలో నూటికి 2 నుండి 5 మందికి వచ్చు నీ బాధ మధుమేహము గలవారిలో 10 నుండి 20 మందికి వచ్చును. కారణము నేతవారికి సులభముగా బోధపడును. పడుగునకు గంజి మితముగా పట్టినచో నూలు తెగక నిలుచును. మితిమీరినచో కట్టెవలె బిగియును. రక్తమున చక్కెర ఏండ్ల తరబడి హెచ్చుగా నున్నచో, అదియును కీలుసంచిలోని పోగులకు అంటుకొని వానిని బిరుసెక్కించును.

మాకు ఈ బాధ ఎడమ భుజమున వచ్చినది. నూలు పున్నమినాడు జంధ్యము మార్చుకొనబోవగా చేయి లేవక మనుమనిచే వేయించుకొంటిమి. పద్మశాలికి ఇంతకంటె చిన్నతన మేమి కలదు? స్టెరాయిడ్ సూదిమందు వేసినచో కొన్ని దినములు చక్కెర పెరుగునని చెప్పి, వైద్యుడు షాక్ వేవ్ చికిత్స సూచించెను. ఆ పేరు వినగానే మా వదినగారు "కరెంటు పెడ్తరంట, పోకు మరిదీ" అని కన్నీరు పెట్టుకొనిరి.

అది కరెంటు కాదు. శబ్దము వంటి ఒత్తిడి తరంగము. 1980లో జర్మనీలోని మ్యూనిక్ నగరమున, మూత్రపిండములలోని రాళ్లను కోత లేకుండ పొడిచేయుటకు దీనిని మొదట మనుష్యులకు వాడిరి. తరువాత తక్కువ శక్తితో కండరములకు, కీళ్లకు వాడసాగిరి. భుజముపై జిగురు పూసి, పిడివంటి పరికరము నానించి, వేలకొలది చిన్న దెబ్బలు వేయుదురు. సాంచె నీడన పెరిగిన మాకు ఆ టకటక కొత్తగా తోచలేదు. నొప్పి కొంత కలదు, మత్తు అక్కరలేదు. వారమున కొకసారిగా నాలుగు మార్లు పోయితిమి.

మధుమేహము గలవారిపై జరిగిన పరీక్షలలో నొప్పి తగ్గి, కదలిక పెరిగినట్లు తేలినది. అయితే అవి కొద్దిమందితో జరిగినవి గనుక దీనిని దివ్యౌషధముగా నెంచరాదు. రక్తము పలుచబడు మందులు వాడువారును, గర్భిణులును ఆ సంగతి ముందే చెప్పవలెను. మాకు నాలుగు మార్లు ముగియునప్పటికి రాత్రులు నిద్ర వచ్చెను. చేయి పైకి లేచినది మాత్రము వ్యాయామము వలననే: గోడపై వ్రేళ్లు ప్రాకించుట, ముందుకు వంగి చేతిని ఊయలవలె ఊపుట, దినమునకు మూడుమార్లు. వీపు వెనుకకు చేయి నేటికిని పూర్తిగా పోదు.

మనలో పలువురు రోజుకూలి పోవునని నొప్పిని దాచుదురు. బీడీకూలి వేయి లెక్కన ముట్టునుగదా. భుజము నొచ్చినను అక్కలు, వదినెలు ఒడిలోని చాట దింపరు. అంగడిలో నొప్పిమాత్రలు కొని నెలల తరబడి మ్రింగుదురు. మధుమేహము గలవారికి అవి మూత్రపిండములను చెరచును. రాత్రి భుజము నొచ్చి, చేయి వెనుకకు పోనిచో, వెంటనే చక్కెర పరీక్ష చేయించుకొని వైద్యునకు చూపవలెను. బిగువు తొలిదశలో నుండగనే ఆరంభించిన చికిత్సకు ఖర్చు తక్కువ, ఫలము ఎక్కువ. వేళ తప్పక సాంచెకు నూనె వేయు మనము, ఆ సాంచెను నడుపు భుజమును మరువరాదు.