ఇద్దరు సాక్షులు

'ఆడలేక మద్దెల ఓడు' అన్నది మన పెద్దల సామెత. ముప్పై ఏళ్లుగా కర్మాగారంలో కొలత పరికరాల విభాగంలో పనిచేస్తూ, ఈ సామెతను నా దగ్గర పని నేర్చుకున్న కుర్రవాళ్లకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. మీటరు తప్పు చూపిస్తున్నదంటే ముందు దానికి వచ్చే తీగను చూడమనీ, ఆ తరువాతనే మీటరును తప్పుపట్టమనీ నా ఉపదేశం. గత వానాకాలంలో ఆ పాఠాన్ని నేనే మరచిపోయి, ఒక నిజాయితీపరుణ్ణి నలుగురి ముందు నిందించాను. ఆ సంగతి మన పత్రిక పాఠకులతో చెప్పుకుంటే మనసు కొంత తేలికపడుతుందని ఇది రాస్తున్నాను.

మా అమ్మకు విశాఖపట్నంలో కంటి శుక్లాల శస్త్రచికిత్స చేయించి, కారులో కోరాపుట్‌కు తిరిగి వస్తున్నాం. వెనుక సీటులో నల్ల కళ్లద్దాలతో అమ్మ, పక్కన నా భార్య. సాలూరు దాటి ఘాట్ రోడ్డు ఎక్కుతుండగా వాన పట్టుకున్నది. ఒక మలుపు దగ్గర ఉన్నట్టుండి బండిలో సత్తువ పోయింది. యాక్సిలరేటర్‌ను అడుగుదాకా తొక్కినా ఇంజిను సన్నగా మూలుగుతున్నదే తప్ప బండి ముందుకు సాగదు. ఎదుట పసుపు దీపం వెలిగింది. వెనుక బరువుతో ఎక్కుతున్న లారీ హారను. ఆ క్షణంలో నా చేతులు వణికిన మాట దాచుకోను. లారీ డ్రైవరు పుణ్యాత్ముడు. తన బండి ఆపి, దిగి వచ్చి మా చక్రం కింద రాయి పెట్టాడు. కొంతసేపు ఆగి, తాళం తీసి మళ్లీ వేస్తే బండి కదిలింది. "నెమ్మదిగానే పోనీ నాయనా, మనకు తొందరేముంది?" అన్నది అమ్మ. అలాగే సుంకి చేరి ఊపిరి పీల్చుకున్నాం.

పాత అంబాసిడర్ కారులో యాక్సిలరేటర్‌ను తొక్కితే ఒక ఉక్కు తీగ కార్బురేటర్ రెక్కను లాగేది. తీగ తెగితే కంటికి కనబడేది. నేటి కార్లలో ఆ తీగ లేదు. పెడల్ ఎంత దిగిందో చెప్పడానికి దానిలోనే రెండు సెన్సార్లు ఉంటాయి. రెండూ వేర్వేరుగా ఇంజిను కంప్యూటరుకు వోల్టేజి రూపంలో కబురు పంపుతాయి. మా బండిలో రెండవదాని వోల్టేజి ఎప్పుడూ మొదటిదానిలో సగం ఉండాలి. అంటే ఒకే సంగతికి ఇద్దరు సాక్షులన్నమాట. వారి మాట కలవకపోతే ఎవరిది నిజమో కంప్యూటరు తేల్చదు. ఇద్దరినీ నమ్మక, ఇంజిను బలాన్ని తగ్గించివేస్తుంది. లేని తొక్కుడును ఉన్నదనుకొని బండి దూసుకుపోవడం కంటె నీరసంగా నడవడం మేలు కదా! ఘాట్‌లో నన్ను భయపెట్టినది నిజానికి ప్రాణరక్షణ కొరకు చేసిన ఏర్పాటే.

మా ఊరి షెడ్డులో మెకానిక్ పాతికేళ్ల యువకుడు, సాలూరు వాడు. స్కానర్ తగిలించి చూస్తే 'పి 2138' అనే సంకేతం వచ్చింది. పెడల్‌లోని రెండు సెన్సార్ల వోల్టేజీలకు పొత్తు కుదరడం లేదని దాని అర్థం. థ్రాటిల్ దగ్గర కూడా ఇటువంటి జంటే ఉంటుంది. అక్కడ తేడా వస్తే 'పి 2135' అని చూపుతుంది. "సార్, పెడల్ మారిస్తే పోవచ్చు. కాని వైరింగ్ కూడా ఒకసారి చూడాలి. రెండు రోజులు బండి ఉంచండి" అన్నాడతను. అమ్మను మళ్లీ కంటి పరీక్షకు తీసుకువెళ్లాలన్న తొందరలో ఉన్న నేను, "అవన్నీ వద్దు, పెడల్ మార్చెయ్యి" అన్నాను. మార్చాడు. పదకొండు రోజులు బండి హాయిగా నడిచింది.

పన్నెండవ రోజు పొద్దున, పరీక్షకు బయలుదేరి ఊరి పొలిమేర దాటకముందే మళ్లీ అదే పసుపు దీపం. ఆ రోజు ప్రయాణం ఆగిపోయింది. కోపంతో షెడ్డుకు వెళ్లి, "కొత్తదని డబ్బు తీసుకొని పాతది బిగించావా?" అని అందరూ వింటుండగా అడిగాను. అతను ఎదురు చెప్పలేదు. లోపలికి వెళ్లి బిల్లు, ఖాళీ పెట్టె, మా పాత పెడల్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. "మీరే చూసుకోండి సార్" అన్నాడు, అంతే.

ఆ రాత్రి జరిగినది విని అమ్మ, "ఆ పిల్లవాడు మోసం చేయడం నువ్వు చూశావా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. కర్మాగారంలో ఎవరైనా ఇలా మాట్లాడితే నేను ఊరుకునేవాడినా?

మరుసటి ఆదివారం మల్టీమీటర్ పట్టుకొని కూర్చున్నాను. ఇంజిను ఆపి, తాళం మాత్రం తిప్పి ఉంచి, మీటరు నల్ల తీగను బ్యాటరీ ఋణధ్రువానికి కలిపాను. పెడల్ కనెక్టర్‌కు ఆరు తీగలు: ఒక్కొక్క సెన్సారుకు 5 వోల్టుల సరఫరా, తిరుగు తీగ, కబురు తీగ. తీగల పైతొడుగుకు గుచ్చకుండా, కనెక్టర్ వెనుక నుండి సన్నని సూదితో అందుకున్నాను. పెడల్ వదిలినప్పుడు మొదటి కబురు 0.75 వోల్టు, రెండవది 0.37. మెల్లగా తొక్కితే రెండూ తడబాటు లేకుండా పెరిగాయి. అరగంట చూసినా లోపం లేదు.

అప్పుడు స్ఫురించింది: బండి కుదుపులో వచ్చే జబ్బు నిలకడలో ఎలా కనబడుతుంది? తీగల కట్టను పట్టుకొని మెల్లగా అటూ ఇటూ కదిపాను. మొదటి కబురు కదలలేదు. రెండవది 0.61కి ఎగబాకింది. పసుపు దీపం వెలిగింది! రెండవ సెన్సారు తిరుగు తీగ దగ్గర సూది పెట్టి చూస్తే, సున్నాకు దగ్గరగా ఉండవలసిన చోట 0.25 వోల్టు ఉన్నది. కాలికింద నేల పైకి లేచినప్పుడు మనిషి ఎత్తు పెరిగినట్లు కనబడదా? సాక్షి అబద్ధమాడలేదు, అతను నిలబడిన నేలే కదిలింది.

కనెక్టర్ విప్పి చూస్తే, ఆ తీగను లోహపు కొనకు నొక్కి బిగించినచోట పచ్చని చిలుము. అంతవరకు నీరు ఎలా వచ్చింది? మా క్వార్టరు ముందు బాదంచెట్టు కింద ఆగే కారు అది. ఎండుటాకులు ముందు అద్దం కింది నీటిదారిని పూడ్చివేశాయి. నిలిచిన వాననీరు లోపలికి ఇంకి, తీగల వెంబడి జారి కనెక్టర్ చేరింది. కొత్త పెడల్ బిగించేటప్పుడు తీగలు కదిలి పట్టు తాత్కాలికంగా కుదరడం వలన పదకొండు రోజులు గడిచాయి. బాగుచేసినది కొత్త సామాను కాదు, ఆ కదలిక! రోగం తగ్గినంత మాత్రాన ఇచ్చిన మందే పనిచేసిందని అనుకోరాదు.

ఈ కొలతలు అన్ని కార్లకూ ఒకటి కావు. కొన్నింటిలో సెన్సార్ల లెక్క వేరుగా ఉంటుంది. తయారీదారు పుస్తకం చూసుకోవాలి. కాని వరుస మాత్రం ఒక్కటే: సంకేతం చెప్పినది ఫిర్యాదు మాత్రమే, తీర్పు కాదు. సరఫరా, తిరుగు తీగ, కబురు, కనెక్టర్ చూసిన తరువాతనే సెన్సారు మీద చేయి వేయాలి.

సోమవారం షెడ్డుకు వెళ్లాను. ఏ పనివాళ్ల ముందు నిందించానో వాళ్ల ముందే, "తప్పు నాది, క్షమించు బాబూ" అన్నాను. అతను తడబడి, "పెద్దవారు, అంత మాట ఎందుకు సార్" అంటూనే తీగల కొనలు కొత్తవి వేసి, నీటిదారి శుభ్రం చేశాడు. నా కోరిక మీద పాత పెడల్‌నే తిరిగి బిగించాడు. ఈ రోజుకూ బండి దానితోనే నడుస్తున్నది. అమ్మ కంటి పరీక్షకు ఆ ఘాట్ మీదుగానే వెళ్లి వచ్చాం.

కొత్త పెడల్ మా ఇంట్లో బీరువాలో ఉన్నది. కుర్రవాళ్లకు సామెత చెప్పబోయే ముందు అది గుర్తుకు వస్తుంది.