అగ్గిపెట్టెలో అగ్నిమాపక శకటము

రహదారిపై నిత్యము ఎన్నియో వాహనములు పోవుచుండును. బస్సు వచ్చినచో ఎక్కవలసినవారు చూతురు. లారీ వచ్చినచో తప్పుకొనవలసినవారు చూతురు. కాని ఎఱ్ఱని ఫైరింజను గంట వినబడినచో పిల్లలు, పెద్దలు, వీథి యంతయు వాకిటికి వచ్చును. ఎవరి యిల్లో, ఎవరి కళ్ళమో అను భయము ఒక ప్రక్క. సహాయము పోవుచున్నదను ధైర్యము మఱియొక ప్రక్క. ఒక్క వాహనమును చూచి భయమును ధైర్యమును ఒక్కమారే కలుగుట మఱెచ్చటను లేదు.

మా హోసూరు ప్రాంతమున ఈ శకటమునకు మూడు పేర్లు కలవు. మనము అగ్నిమాపక శకటమందుము. మాపుట యనగా లేకుండ చేయుట. ఎల్ల దాటి అత్తిబెలె వైపు పోయినచో కన్నడిగులు దానిని అగ్నిశామక వాహనమందురు, శమింపజేయునదని భావము. మన వీథిలోనికి వచ్చు బండిపై తమిళ లిపిలో తీయణైప్పు అని యుండును. తీ యనగా నిప్పు. అణైప్పు అను మాటకు ఆర్పుట యనియు, కౌగిలించుకొనుట యనియు రెండర్థములు కలవు. ఒక భాష మాపుమనును, ఒక భాష శమింపజేయుమనును, ఒక భాష కౌగిలింతను జ్ఞప్తికి దెచ్చును. బండి మాత్రము ఒక్కటియే.

మాకు చిన్ననాటినుండియు ఈ శకటముల బొమ్మలను కూర్చుకొను అలవాటు కలదు. మా అలమరలో నేటికి పదునొకండు బొమ్మలు చేరినవి. వానిలో ఒకటి తాళము త్రిప్పినచో గిఱ్ఱున పరుగిడు రేకుబొమ్మ. మఱియొకటి చన్నపట్టణపు కొయ్యబొమ్మ. ఆంధ్రదేశమున ఏటికొప్పాక బొమ్మలకు వాడు అంకుడు కఱ్ఱనే చన్నపట్టణమువారును వాడుదురు. లక్కతోనే రంగు వేయుదురు. నిప్పునార్పు బండిని నిప్పునకు లోకువయైన కొయ్యతోను లక్కతోను చేయుట వినోదమే కదా!

అంతకంటె వినోదమైన కథ ఇంగ్లండు దేశపు బొమ్మకు కలదు. లండనులో లెస్లీ స్మిత్, రాడ్నీ స్మిత్ అను మిత్రులు ఇరువురు తమ పేర్లను కలిపి 1947లో లెస్నీ అను కర్మాగారమును స్థాపించిరి. వారితో చేరిన జాక్ ఓడెల్ అను యంత్రశిల్పికి ఒక కుమార్తె. ఆమె చదువు బడిలో అగ్గిపెట్టెలో పట్టునంతటి ఆటవస్తువునే తీసికొని రావలెనని నియమము. తండ్రి ఇత్తడితో చిన్న రోడ్డు రోలరును చేసి, అగ్గిపెట్టెలో నుంచి ఆమెకిచ్చెను. తోటి పిల్లలు తమకును అట్టిదే కావలెననిరి. ఆ విధముగా 1953లో అగ్గిపెట్టె అను అర్థము గల మ్యాచ్‌బాక్స్ అను పేరుతోనే బొమ్మల వరుస వెలువడెను. 1955లో ఆ వరుసలో తొమ్మిదవదిగా డెన్నిస్ ఫైరింజను వచ్చెను. నిప్పు పుట్టించు పెట్టెలో నిప్పు నార్పు బండి! ఆ కర్మాగారము 1982లో దివాలా తీసినను, ఆ పేరు చేతులు మారి నేటికిని నిలిచియున్నది.

ఈ బొమ్మలు జింకు మిశ్రలోహముతో చేయబడునవి. ఆ లోహము 400 డిగ్రీల లోపుననే కరుగును. దానిని అచ్చులలోనికి ఒత్తిడితో నెట్టి పోతపోయుదురు. అనగా ఈ ఫైరింజనుకు నిప్పే పుట్టినిల్లు. గణితము చదువు పిల్లలకు ఇందొక పాఠమును కలదు. ఏడున్నర మీటర్ల బండిని 75వ వంతునకు తగ్గించినచో పది సెంటీమీటర్ల బొమ్మ యగును. కాని మ్యాచ్‌బాక్స్ వారు ఒకే కొలతను పాటింపలేదు. అన్నియు చిన్న పెట్టెలలో పట్టవలెను గనుక పెద్ద బస్సును ఎక్కువగా కుదించిరి, చిన్న కారును తక్కువగా కుదించిరి. అలమరలో ప్రక్కప్రక్కన నుంచినచో రెండును సమానముగా కనబడును.

బొమ్మలో నిచ్చెన కలదు, చక్రములు కలవు, గంట కూడ కలదు. లేనివేవి? ఆలోచించి చూచిన కొలది మాకు నాలుగు తోచినవి. నీరు, మనుష్యులు, దారి, పిలుపు.

మొదటిది నీరు. నీటిని ఒత్తిడితో చిమ్ము రెండు గొట్టముల పంపును క్రీస్తుకు పూర్వము మూడవ శతాబ్దిలో అలెగ్జాండ్రియా నగరపు టెసీబియసు కనిపెట్టెనని చెప్పుదురు. కాని పంపు చిమ్మిన నీరు మంట మొదటికి చేరవలెను. ఆమ్‌స్టర్‌డామ్ నగరమున యాన్ వాన్ డర్ హేడెన్ అను చిత్రకారుడు, సోదరునితో కలిసి, 1672 ప్రాంతమున తోలు గొట్టమును అమర్చి ఆ కొఱత తీర్చెను. 1829లో లండనులో బ్రెయిత్‌వెయిట్, ఎరిక్సన్ అనువారు ఆవిరి పంపును చేసిరి. ఇరువదవ శతాబ్దిలో పెట్రోలు బండ్లు వచ్చి గుఱ్ఱములకు విశ్రాంతి నిచ్చెను. ఇన్ని మార్పులు వచ్చినను నీరు లేనిదే పంపు వ్యర్థము. నేడు మన దేశమున సాధారణముగా కనబడు శకటపు తొట్టిలో నాలుగున్నర వేల లీటర్ల నీరు పట్టును. పంపు పూర్తి వేగముతో పనిచేసినచో అది రెండు మూడు నిమిషములలో తరుగును. తరువాత ఏ చెరువునుండియో, బావినుండియో తోడుకొనవలెను. గాలి ఒత్తిడియే నీటిని పైకెత్తును గనుక ఏడు మీటర్లకు మించిన లోతునుండి తోడుట కష్టము. ఊరి చెరువును పూడ్చినవారు పొలమునకే గాక ఫైరింజనుకును నీరు లేకుండ చేసినవారగుదురు.

రెండవది మనుష్యులు. 1944 ఏప్రిల్ 14వ తేదీన బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ అను ఓడకు నిప్పంటుకొన్నది. అందు ప్రత్తి బేళ్ళును, ప్రేలుడు పదార్థములును కలిసియుండెను. అగ్నిమాపక దళమువారు వెనుకకు తగ్గక నీరు చిమ్ముచుండగనే ఓడ బ్రద్దలయ్యెను. ఆ దినమున ఆ దళమున 66 మంది ప్రాణములర్పించిరి. వారి స్మృతికై ఏటేట ఏప్రిల్ 14నుండి 20వరకు దేశమంతట అగ్నిమాపక సేవా వారోత్సవము జరుగును. మా బొమ్మలలో కొన్నింటియందు సీసపు గింజంతటి మనుష్యులు కూర్చుండియుందురు. వారిని చూచునపుడెల్ల ఆ 66 మందియు మాకు జ్ఞప్తికి వత్తురు.

మూడవది దారి. 2004 జూలై 16వ తేదీన మన రాష్ట్రముననే కుంభకోణమున ఒక పాఠశాలలో వంటశాల నిప్పు ఆకుల కప్పునకు ప్రాకి 94 మంది పిల్లలు మరణించిరి. బయటపడుటకు చాలినంత దారి ఆ భవనమున లేకపోయెను. లోపలివారు వెలుపలికి వచ్చు దారియు, శకటము లోపలికి వచ్చు దారియు రెండును కావలెను. పాఠశాలలన్నింటను అగ్నిరక్షణ సాధనములుండవలెనని సుప్రీంకోర్టు 2009లో ఆజ్ఞాపించినది. ఆ ఆజ్ఞ కాగితముపై నుండిన చాలదు. మెట్లపై విఱిగిన బల్లలను పేర్చినచోటను, గేటుకు అడ్డముగ బండ్లు నిలిపినచోటను ఎంత గొప్ప శకటమును మా అలమరలోని బొమ్మతో సమానమే.

నాలుగవది పిలుపు. బొమ్మ లాగినచో వచ్చును. నిజమైన శకటము పిలిచినచోనే వచ్చును. మనవంటి వారికి ఇందొక చిక్కు కలదు. కొన్నేండ్ల క్రిందట, సంక్రాంతి కడచిన దినములలో, మా ఊర ఒక గడ్డివామికి నిప్పంటుకొన్నది. మగవారందఱు పొలములకు పోయియుండిరి. ఇంట నున్న అవ్వ ఫోను తీసి, "వామి కాలిపోతున్నది నాయనా, చెరువుగట్టు వీథికి రండి" అని వేడుకొన్నది. అవతలివారు తమిళమున ఏ వీథి యని మరల మరల అడుగుచుండిరి. మనము చెరువుగట్టు వీథి యనునది వారి పుస్తకములలో ఏరిక్కరై తెరు. అవ్వ దోషమును లేదు, అవతలివారి దోషమును లేదు. ఒకే గట్టునకు రెండు పేర్లుండుటయే కారణము.

ప్రక్క యింటి బాలుడు ఎనిమిదవ తరగతి చదువుచుండెను. "ఇట్లా ఇయ్యి అవ్వా, నేను చెప్పుతా" అని ఫోను తీసికొని, "ఏరిక్కరై తెరు, వైక్కోల్ పోర్, తీ పిడిచ్చిరుక్కు" అనెను. గుడి ప్రక్కనుండి రావలెనని గుర్తును చెప్పెను. శకటము వచ్చెను. తొట్టిలోని నీరు తరిగిన పిదప చెరువులో గొట్టము వేసి తోడిరి. వామి సగము కాలినది. పశువుల కొట్టమును, దానినంటియున్న మూడిండ్లును దక్కినవి. అవ్వ ఆ బాలుని తల నిమిరి, "నీ రెండు చదువులూ నా ఎద్దులను కాచినాయి నాయనా" అన్నది.

ఆ మాట మేము మఱువలేదు. ఇంట తెలుగు, బడిలో తెలుగు, వీథిలో తమిళము అని మన పిల్లలు పడు శ్రమను గూర్చి తల్లిదండ్రులు తఱచుగ విచారింతురు. ఆ విచారము అకారణము కాదు. అయినను తల్లిభాషను నిలుపుకొనుటయు, ఇరుగుపొరుగు భాషను నేర్చుటయు ఒకదాని కొకటి విరోధములు కావు. ఆ దినమున అవ్వ గోడును తెలిసికొన్నది తెలుగు. శకటమును రప్పించినది తమిళము. ఆ బాలునకు రెండింటిలో ఏది లేకున్నను మంట ఆగెడిది కాదు.

మా అలమరలో ప్రతి బొమ్మ క్రిందను దాని పేరు, చేసిన దేశము, సంవత్సరము వ్రాసిన చీటి యొకటి కలదు. వామి కాలిన తరువాత పైతలుపునకు మఱియొక చీటి నంటించితిమి. అందు 101, 112 అను సంఖ్యలును, మా వీథి పేరును, దగ్గఱి గుర్తును రెండు లిపులలో వ్రాసితిమి. బాలబాలికలారా! మీకు బొమ్మలున్నను లేకున్నను అట్టి చీటి యొకటి వ్రాసి మీ యింట ఫోను దగ్గఱ నంటింపుడు. మీ వీథికి ఇరుగుపొరుగువారు ఏ పేరు పెట్టిరో ఈ దినమే తెలిసికొనుడు. చదువురాని అవ్వకు, తాతకు ఆ నాలుగు మాటలను నోటికి వచ్చువరకు వల్లె వేయింపుడు.